లెక్కపెట్టడం, లెక్కచేయడం

మా పెద్దమ్మ కూతురు నర్సు. పన్నెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, పిల్లలిద్దరూ కాస్త పెద్దవాళ్లయ్యాక ఎమ్మెస్సీ నర్సింగులో చేరింది. డిసర్టేషన్ పనిలో ఉండగా ఒకరోజు ఫోన్ చేసి, "నీ పీహెచ్‌డీ ఎవరికైనా ఎప్పటికైనా పనికొస్తుందా అనుకునేదాన్నే. నాకే పనికొచ్చింది" అంది. నర్సింగు డిసర్టేషన్‌లో ప్రశ్నావళిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చినప్పుడు, ఆ తెలుగు సరిగ్గా ఉందని తెలుగు చదువుకున్నవాళ్లెవరో ఒకరు సంతకం పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలట. దాన్ని చివర అనుబంధంలో కుడతారు. ఒక్క సంతకమే కదా అని ఒప్పుకున్నాను.

నేను పరిశోధన చేసింది తెలుగు స్త్రీల ఆత్మకథల మీద. అంకెలంటే నాకు అనుమానం. ఒక మనిషి బతుకంతా చెప్పుకుంటూ పోతే మూడువందల పేజీలు చాలవు, దాన్ని ఒక గడిలో టిక్కు పెట్టి తేల్చేస్తారా అని కోపం. స్త్రీల అనుభవాన్ని పట్టికల్లోకి కుదించడం పితృస్వామ్య విజ్ఞానం చేసే పని అని క్లాసులో చాలాసార్లు చెప్పాను. ఇది ఆ నమ్మకం నా చేతిలోనే విరిగి, విరిగిన చోట మళ్లీ ఇంకోరకంగా విరిగిన కథ.

అక్క ఎంచుకున్న విషయం: పక్షవాతంతో మంచం పట్టినవాళ్లని ఇంట్లో చూసుకుంటున్న ఆడవాళ్ల మీద పడే భారం. నందిగామ, జగ్గయ్యపేట, చుట్టుపక్కల ఊళ్లు. మాది కృష్ణా జిల్లా మెట్ట. 2022లో జిల్లాలు విడగొట్టాక ఎన్టీఆర్ జిల్లా అయింది గాని, డెల్టా చుట్టాలు మమ్మల్ని మెట్టవాళ్లనడం మానలేదు. పత్తి, మిరప, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, మధ్యలోంచి హైదరాబాదు రోడ్డు. మిరపకాయ కోతలకి పోయే ఆడవాళ్లు ఇంట్లో మంచానపడ్డ మనిషి ఉంటే కూలి మానుకుంటారు. ఆ మానుకున్న కూలి ఎవరి లెక్కలోనూ రాదు.

అక్క వాడింది స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు 1980లో మొదట రూపొందించిన కొలమానం. ఇప్పుడు ఎక్కువగా వాడే రూపంలో 22 ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం 88. 20 లోపు వస్తే భారం లేదు లేదా స్వల్పం. 60 దాటితే తీవ్రం. ప్రపంచంలో చాలా భాషల్లోకి వెళ్లిన ప్రశ్నావళి అది.

మొదటి చిక్కు ఆ "భారం" దగ్గరే వచ్చింది. పుస్తకాల తెలుగులో భారం సరిపోతుంది. కానీ మా వైపు ఆడవాళ్లెవరూ ఆ మాట అనరు. బరువు అంటే తూకం. తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి మార్చి సరిచూసిన లెక్చరర్‌గారి దగ్గర అది నిజంగానే "వెయిట్" అయి తిరిగొచ్చింది. కష్టం అంటే అన్నిటికీ కష్టమే. చాకిరీ అంటే తిట్టు. రెండో చిక్కు ఇంకా విచిత్రం. సున్నా మార్కులకి "ఎప్పుడూ లేదు", నాలుగు మార్కులకి "దాదాపు ఎప్పుడూ". మన భాషలో "ఎప్పుడూ" అనే ఒక్క మాటే ఈ కొసనీ ఆ కొసనీ మోస్తుంది. వాక్యం చివర "లేదు" వినపడకపోతే సున్నా కాస్తా నాలుగవుతుంది. వారం రోజులు కుస్తీ పట్టి "అస్సలు లేదు", "రోజూ ఉన్నట్టే" అని రాసుకున్నాం.

ఆ వారంలోనే అక్క నాకు పరిమాణాత్మక పరిశోధన పాఠం చెప్పింది. నమూనా, చరాలు, సగటు, ప్రామాణిక విచలనం. శూన్య పరికల్పన అని ఒకటుంది. ఏ సంబంధమూ లేదు అనుకుని మొదలుపెట్టాలి. లేదన్నదే నిజమైతే మనకి దొరికినంత తేడా కాకతాళీయంగా రావడం నూటికి అయిదుసార్ల కంటే తక్కువ అని తేలితేనే దాన్ని వదులుకోవాలి. "ఇది ఆడవాళ్లకి కొత్తా? మనం ఏం చెప్పినా అలాంటిదేం లేదనే కదా మొదలుపెడతారు" అన్నాను. అక్క నవ్వింది గాని, "అందుకే ఈ పద్ధతి నేర్చుకున్నా. ఉందని చూపించడానికి" అంది.

తెలుగులో లెక్క అనే మాటకి రెండు ముఖాలున్నాయి. లెక్కపెట్టడం ఒకటి, లెక్కచేయడం ఒకటి. "ఆడదాని మాట ఒక లెక్కా" అన్నప్పుడు ఎవరూ అంకెల గురించి మాట్లాడటం లేదు. మనిషిని అంకె చేయడానికీ మనిషికి విలువ ఇవ్వడానికీ భాష ఒకే మాట ఇచ్చింది. అవి రెండూ ఒకదానికొకటి శత్రువులా? ఒకటి లేకుండా రెండోది కుదురుతుందా? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే.

అక్క ఉద్యోగమంతా లెక్కపెట్టడమే. నాడి, శ్వాస, జ్వరం, సంచిలో పడిన మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు. మామూలు సెలైన్ సెట్‌లో పదిహేనో ఇరవయ్యో చుక్కలు ఒక మిల్లీలీటరు. గంటకి ఎంత పోవాలో దాన్నిబట్టి నిమిషానికి చుక్కలు కట్టాలి. ఆపరేషన్ థియేటర్‌లో గాజుగుడ్డలు ముందూ తర్వాతా లెక్కపెట్టి, ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా వెతుకుతారు. ఈ అంకెల్ని నేను ఎప్పుడూ అనుమానించలేదు. ఎందుకంటే ప్రతి అంకే పుట్టిన నిమిషంలోనే ఆ మంచం దగ్గరికి తిరిగి వెళ్తుంది. చుక్కలు ఎక్కువైతే చెయ్యి వెళ్లి తగ్గిస్తుంది. లెక్కపెట్టే చెయ్యీ లెక్కచేసే చెయ్యీ ఒకటే.

పరిశోధనలో అంకె అలా తిరిగి వెళ్తుందా?

మాటల్ని జనం ఎలా అర్థం చేసుకుంటున్నారో చూడాలని నేనూ కొన్ని ఇళ్లకి వెళ్లాను. నందిగామ పక్క ఊళ్లో ఒక ఇల్లు. ఒకటే గది, ముందు రేకుల వసారా. మంచం మీద భర్త. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయి మూడేళ్లు. మాట ముద్దగా వస్తుంది. ఆమెకి యాభై దాటి ఉంటాయి. అంగీకార పత్రం చదివి వినిపిస్తే వేలిముద్ర వేసింది. వృత్తి అనే గడి దగ్గర అక్క అడిగితే, "పనేముందమ్మా, ఇంటికాడే ఉంటన్నా" అంది. గృహిణి అని రాసుకుంది అక్క. అప్పటికి ఉదయం పది. ఆ పదింటిలోపు ఆమె అతన్ని తుడిచి, బట్ట మార్చి, జావ తాగించి, గేదెకి గడ్డి వేసి, రెండు బకెట్ల గుడ్డలు ఉతికింది.

ప్రశ్నలు మొదలయ్యాయి. మీకోసం మీకు కాస్త సమయం దొరకట్లేదని అనిపిస్తుందా? "నాకెందుకమ్మా టయిము?" అస్సలు లేదు. సున్నా. ఆయన్ని చూస్తే కోపం వస్తుందా? "ఆయన మీద కోపమేంది, దేవుడి మీద రావాల." సున్నా. మీ ఆరోగ్యం దెబ్బతిందా? "నడుం లాగుద్ది. అందరికీ లాగుద్ది." ఒకటి. చివరి ప్రశ్న, మొత్తం మీద ఎంత భారంగా ఉంది? ఆమె మంచం వైపు ఒకసారి చూసి, "మొగుడు బరువెట్టా అవుద్దమ్మా?" అంది.

మొత్తం 17. భారం లేదు లేదా స్వల్పం.

ఫారం మూసేశాక అక్క అతన్ని పక్కకి తిప్పి వీపు చూసింది. నడుము కింద పుండు మొదలయింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలని, ఎముక ఆనే చోట్ల ఎలా మెత్త పెట్టాలో చేసి చూపించింది. ఆ అరగంట డిసర్టేషన్‌లో ఎక్కడా లేదు.

జగ్గయ్యపేట బస్సులో మేమిద్దరం పోట్లాడుకున్నాం. "ఆ 17 అబద్ధం" అన్నాను. ఆమె నడుము, ఆమె నిద్ర, ఆమె కూలి, అన్నీ నేను కళ్లారా చూశాను. పతివ్రత భావజాలం ఆమె చేత సున్నాలు చెప్పించింది. ఆ సున్నాని సున్నాగా రాసుకోవడమంటే ఆ భావజాలానికి గుమాస్తా పని చేయడమే. కనీసం కోపం ప్రశ్న దగ్గర ఇంకోసారి గుచ్చి అడగాల్సింది అన్నాను. అక్క చిల్లకల్లు వచ్చేదాకా మాట్లాడలేదు. తర్వాత అంది: "నీకు కావల్సిన జవాబు వచ్చేదాకా అడగమంటావా? నేనైతే ఆమె ఏం చెప్పిందో అది రాశా. నువ్వు ఆమె ఏం చెప్పుంటే బాగుండేదో అది రాద్దామంటున్నావు. ఇద్దరిలో ఎవరు ఆమెని లెక్కచేసినట్టు?"

నాకు జవాబు రాలేదు. నా పరిశోధనలో ఎన్ని ఆత్మకథల్ని అలా చదివాను! ఆవిడ తృప్తిగా ఉన్నానని రాస్తే, ఆ తృప్తి కింద అణచివేతని వెతికి తీశాను. చాలాసార్లు అది అక్కడ ఉండేది. కానీ వెతికి తీసే హక్కు నాకుందా లేదా అని ఒక్కసారీ అనుకోలేదు. గడిలో టిక్కు పెట్టేవాళ్లకి ఒక నియమం ఉంది, చెప్పనిది రాయకూడదని. నాకు ఆ పాటి నియమం కూడా లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు నాకు పరిచయం లేని పుస్తకాలు చదివాను. ఫ్లారెన్స్ నైటింగేల్ అంటే చేతిలో దీపమే మనకి పాఠాల్లో చెప్పారు. ఆవిడ చేతిలో అంకెలు కూడా ఉన్నాయి. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో కన్నా నివారించగలిగే జబ్బులతోనే ఎక్కువమంది చచ్చిపోయారని 1858లో రంగుల చిత్రాలు గీసి ప్రభుత్వానికి చూపించింది. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలోకి ఎన్నికైన మొదటి స్త్రీ ఆవిడే. మన దేశానికి ఎప్పుడూ రాకుండానే, ఇక్కడి సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళి పంపించి జవాబులు తెప్పించుకుంది. వాటి మీద ఆధారపడిన రాయల్ కమిషన్ నివేదిక 1863లో వచ్చింది. ఆ లెక్క మొదలైంది సామ్రాజ్యం కోసం, తెల్ల సైనికుడి ప్రాణం కోసం. అది మర్చిపోకూడదు. తర్వాతి కాలంలో ఆవిడ దృష్టి కరువుల మీదకీ, రైతుల మీదకీ మళ్లింది. మన గోదావరి కాటన్ దొర సాగునీటి వాదనకి గట్టి మద్దతుదారయింది. ఎవరిని లెక్కపెట్టాలి అనే దగ్గరే రాజకీయం ఉందని ఆవిడ జీవితమే చెప్తోంది.

మన స్త్రీల ఉద్యమమే ఒక పట్టిక లోంచి లేచింది. 1974 నాటి "సమానత్వం దిశగా" నివేదిక మనలో చాలామంది చదివిందే. 1901లో వెయ్యిమంది మగవాళ్లకి 972 మంది ఉన్న ఆడవాళ్లు 1971కి 930కి పడిపోయారని అది చూపించింది. ఆ లేని ఆడవాళ్లు ఆత్మకథలు రాయలేరు. వాళ్ల దగ్గరికి కథనం వెళ్లలేదు, తీసివేత మాత్రమే వెళ్లగలదు. ఇంటి చాకిరీ సంగతీ అంతే. 2024 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేస్తున్నామన్న ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారనీ, మగవాళ్లు 88 నిమిషాలనీ తేలింది. యాభై ఏళ్లుగా స్త్రీవాదులు మాటల్లో చెప్తున్నదాన్ని ఈ రెండు అంకెలు ఒక్క వరసలో చెప్పాయి. నందిగామ ఆమె "పనేముందమ్మా" అన్నమాటకి జవాబు అందులో ఉంది.

నర్సుల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులు, పదివేల మందికి పైగా నర్సులు, రెండు లక్షల ముప్ఫైవేల మంది శస్త్రచికిత్స రోగుల లెక్కలు కలిపి చూసింది. ఒక నర్సుకి ఒక రోగి అదనంగా చేరిన ప్రతిసారీ, ముప్ఫై రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. నర్సులకి ఇది కొత్త కాదు. "ఒక్కదాన్నే ఎంతమందిని చూడను" అని వాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. అంటే అది సణుగుడు అయింది. 7 శాతం అన్నాక అది వాదన అయింది. మన నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం జనరల్ వార్డులో బోధనాసుపత్రి అయితే ముగ్గురికి, మామూలు ఆసుపత్రి అయితే అయిదుగురికి ఒక నర్సు ఉండాలి. మా అమ్మ ఆపరేషన్ అయి ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, రాత్రి వార్డు మొత్తానికి ఒక్కతే అమ్మాయి. తెల్లవారుజామున మూడింటికి సెలైన్ అయిపోయి రక్తం గొట్టంలోకి ఎగదన్నితే పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రాగానే "సారీ అమ్మా" అంది. ఆ క్షమాపణ చెప్పాల్సింది ఆ అమ్మాయి కాదు. ఆ సంగతి నిరూపించాలంటే నా కోపం చాలదు, ఆ వార్డులో మంచాలు లెక్కపెట్టాలి.

ఇక్కడ కులం సంగతి కూడా ఉంది. ఇంకొకరి మలమూత్రాలు ముట్టుకునే పని కాబట్టి మన దగ్గర పై కులాల ఆడవాళ్లు నర్సింగుకి దూరంగా ఉన్నారు. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ లాంటి మిషనరీ డాక్టర్ల ఆసుపత్రుల చుట్టూ క్రైస్తవ స్త్రీలు, అందులో ఎక్కువగా దళిత స్త్రీలు, ఈ వృత్తిని నిలబెట్టారు. సమాజం వాళ్ల స్పర్శని వాడుకుంది, వాళ్ల మాటని లెక్కచేయలేదు. అలాంటి వృత్తిలోని ఆడవాళ్లు అంకెల భాష నేర్చుకుని డాక్టర్ల ముందు పట్టిక పరిచి నిలబడుతుంటే, కుర్చీలో కూర్చుని "ఇది మగ విజ్ఞానం" అనడం నాకు సులువు. అది నా సౌకర్యం.

ఆన్ ఓక్లీ ప్రయాణం నాకు ఇక్కడ తోడొచ్చింది. 1981లో ఆవిడ, తటస్థంగా ప్రశ్నలడిగి జవాబులు మాత్రం పట్టుకుపోయే ఇంటర్వ్యూ పద్ధతి స్త్రీలతో కుదరదని రాసింది. తల్లులు కాబోతున్న స్త్రీలు ఆవిణ్ణి తిరిగి ప్రశ్నలడిగారు, ఆవిడ జవాబులు చెప్పింది. గుణాత్మక పరిశోధన చేసే మాకందరికీ అది పాఠం. అదే ఓక్లీ తర్వాత పరిమాణాత్మక పద్ధతుల్ని స్త్రీవాదులు వదులుకోకూడదని వాదించింది. గర్భిణులకి మిడ్‌వైఫ్‌లు ఇచ్చే ఆసరా వల్ల ఫలితం ఉంటుందా అని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పరీక్షించింది. ఆ మిడ్‌వైఫ్‌లు నలిగిపోయారు. ఆసరా బాగా అవసరమైన మనిషి లాటరీలో రెండో గుంపులో పడితే? ఆవిడ ఆ బాధని దాచకుండా రాసింది. పద్ధతి మార్చినంత మాత్రాన ధర్మసంకటం పోదు. అది ఇంకో గుమ్మంలోంచి వస్తుంది.

అప్పటికి నేను ఒక నిర్ణయానికి వచ్చాననుకున్నాను. అంకె మగదీ కాదు, కథ ఆడదీ కాదు. చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం కూడా ఒక గౌరవమే. అక్కే కరెక్టు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను. డిసర్టేషన్ బైండింగ్ అయి యూనివర్సిటీకి వెళ్లింది.

కొన్ని నెలల తర్వాత అక్క ఫోన్ చేసి "నందిగామ వెళ్దాం వస్తావా" అంది. వెళ్లాల్సిన పని లేదు. డిసర్టేషన్‌లో తిరిగి వెళ్లడం అనే అధ్యాయం లేదు. పుండు ఎలా ఉందో చూడాలని అక్కకి మనసులో ఉంది.

మంచం ఖాళీగా ఉంది. నెలన్నర అయిందట. ఆమె మమ్మల్ని గుర్తుపట్టి వసారాలో కూర్చోబెట్టింది. పుండు మానిందని ముందు ఆ మాటే చెప్పింది. పోయేనాటికి వీపు శుభ్రంగా ఉందంది. కాసేపటికి, "అప్పుడు మీరేందో అడిగారు గదా నర్సమ్మా, బరువని, కోపమని. ఇప్పుడు రాసుకుంటారా?" అని అడిగింది.

అక్క బిత్తరపోయి, "అప్పుడే చెప్పారు కదమ్మా" అంది.

"అప్పుడాయన వింటన్నాడు గదమ్మా. చెయ్యీ కాలూ పడిపోయినియ్ గాని, చెవులు పడిపోలా."

ఇద్దరం తల దించుకున్నాం. ఆమె సున్నాలు భావజాలం చెప్పించినవి కావు. నేను పొరపడ్డాను. అవి ఆమె మనసులో ఉన్నవీ కావు. అక్క కూడా పొరపడింది. పక్షవాతం వచ్చిన మనిషికి తాను బరువయ్యానని వినపడకూడదని ఆమె ఒక్కో ప్రశ్ననీ ఆపి చూసుకుని సున్నా చేసి ఇచ్చింది. ఆ 17 భారానికి కొలత కాదు. ఆ ఉదయం ఆమె చేసిన పనుల్లో అది కూడా ఒకటి. తుడవడం, జావ తాగించడం, బట్టలు ఉతకడం, నర్సమ్మ ముందు ఆయన్ని బరువు కాకుండా కాపాడటం. మేము ఆ గదిలో మూడో మనిషిని లెక్కపెట్టలేదు. ఏ లెక్కైనా తప్పేది అక్కడే. అంకె దగ్గర కాదు, ఎవరు వింటున్నారో చూసుకోని చోట. నా ఆత్మకథల పరిశోధనకీ అదే వర్తిస్తుంది. ఆ స్త్రీలు తృప్తి అని రాసినప్పుడు ఎవరు చదువుతారని రాశారో నేను అడగలేదు.

ఆమె చెప్పింది. గంటన్నర చెప్పింది. ఏమని చెప్పిందో ఇక్కడ రాయను. దానికి ఆమె వేలిముద్ర వేయలేదు. అక్క రాసుకోలేదు కూడా. మధ్యలో ఒకసారి లేచి ఆమె బీపీ చూసింది. ఎక్కువగా ఉంది. అంకె చెప్పి, రేపే ఆసుపత్రికి రమ్మని, తానెప్పుడు డ్యూటీలో ఉంటుందో చెప్పింది. ఆమె వచ్చింది. ఇప్పుడు మాత్రలు వాడుతోంది.

డిసర్టేషన్‌లో ఆ 17 అలాగే ఉంది. సగటులో కలిసిపోయింది. పరిమితులు అనే అధ్యాయంలో నమూనా చిన్నదని, ఫలితాలు అందరికీ వర్తింపజేయలేమని ఉంది. గది ఒక్కటేనని లేదు. సరిదిద్దాలంటే ఆ ఒక్క ఫారం చాలదు. అలాంటి గదుల్లో అడిగినవన్నీ మళ్లీ అడగాలి. అక్క ఇప్పుడు ఒక నర్సింగు స్కూల్లో పాఠాలు చెప్తోంది. పిల్లల్ని సర్వేకి పంపేముందు చుక్కల లెక్క చెప్పినంత మామూలుగా చెప్తుందట: ఫారం తియ్యకముందు మంచం మీద మనిషి మెలకువగా ఉన్నాడేమో చూడండి. ఉంటే ఆమెని వసారాలోకి రమ్మని అడగండి. రానంటే ఆ సంగతి కూడా రాసుకోండి.

నా సర్టిఫికెట్ కూడా ఆ అనుబంధంలోనే ఉంది. తెలుగు అనువాదం మూలానికి సరిపోయిందని ధ్రువీకరిస్తున్నాను అని. అది అబద్ధం కాదు. మాటలన్నీ సరిపోయాయి.